రెండున్నర గుంటల హక్కు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే మనవాళ్లు చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాస్తారు. నేను వంకాయల గురించి రాస్తున్నాను. నవ్వకుండా చివరిదాకా చదవండి.

మా అమ్మ నాట్లేసే కూలీ. మిర్యాలగూడ చుట్టుపక్కల సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం, యాసంగి రెండు పంటలకూ ఆమె నడుం వంచుతుంది. కనుచూపు మేర వరి. ఆ వడ్లు మిల్లులకు పోతాయి, బియ్యమై ఎక్కడెక్కడికో పోతాయి. మా ఇంట్లో మాత్రం కూరకు వారం వారం అంగడికి పోవాల్సిందే. ధరలు మండిన వారం పచ్చిపులుసే. నేలను నమ్ముకుని బతికే మనిషి కొత్తిమీర కట్ట కూడా కొనుక్కోవడం నాకు చిన్నప్పుడు వింతగా తోచలేదు. డిగ్రీకి వచ్చాకే తోచింది. మాకు ఇల్లుంది, పెరడు లేదు. కాలువలో నీళ్లున్నాయి, వాటితో తడపడానికి జానెడు నేల లేదు.

పీజీలో చదువుతుండగా బ్రిటన్‌లోని ఒక పద్ధతి తెలిసింది. సొంత నేల లేనివాళ్లు కూరగాయలు పండించుకోవడానికి అక్కడి స్థానిక సంస్థలు చిన్న మడులు కౌలుకిస్తాయి. వాటిని అలాట్‌మెంట్లు అంటారు. అక్కడి 1908 చట్టం ప్రకారం ఆరుగురు ఓటర్లు కలిసి అర్జీ పెడితే స్థానిక సంస్థ దాన్ని పరిశీలించి తీరాలి. మడుల కోసమే కొన్న నేలను మంత్రి అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదని 1925లో మరో చట్టం వచ్చింది. ఒక మడి కొలత వాళ్ల పాత లెక్కలో పది రాడ్లు, అంటే 302.5 చదరపు గజాలు. మన గుంట 121 గజాలు. భాగించి చూశాను, సరిగ్గా రెండున్నర గుంటలు! ఎకరానికి పదహారు మడులన్నమాట. రాణిగారి దేశంలో కూడా పేదవాడి కొలత గుంటల్లోనే ఉందని ఆ రోజు నాకు భలే నవ్వొచ్చింది.

చట్టం కన్నా నన్ను ఆలోచింపజేసింది వాళ్ల సంఘం. మడులు చేసుకునేవాళ్ల జాతీయ సొసైటీ 1930లో ఏర్పడింది. అది సభ్యులదే. ప్రాంతాల వారీగా తిరిగే ప్రతినిధులు జీతం లేకుండా పనిచేస్తారు. కౌలు కాగితం ఎలా రాసుకోవాలో, నేల పోయేటట్టుంటే ఏ సెక్షన్ చూపించాలో, కొత్తగా వచ్చినవాడికి ఎరువు ఎలా చేయాలో చెప్పడం వాళ్ల పని. విత్తనం వేయడం మనకు వాళ్లు నేర్పక్కర్లేదు. మనకు లేనిది ఆ కాగితం, ఆ సంఘం.

అంత దూరం పోనక్కర్లేదనే మిత్రులు జహీరాబాద్ దాకా పోయి చూడవచ్చు. పస్తాపూర్ కేంద్రంగా డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, బడి మొహం చూడనివాళ్లు. వాళ్లు సంఘంగా నేల కౌలుకు తీసుకుని జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుములు కలిపి పండించారు. విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు. అడిగినవాళ్లకు ఇచ్చి, పంట వచ్చాక కొంత ఎక్కువగా వెనక్కి తీసుకుంటారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. ఒంటరిగా అడిగితే ఏ ఆసామీ వాళ్లకు కౌలుకిచ్చేవాడు?

ఇక మన సంగతి. కోదాడలో స్కూలు, సూర్యాపేటలో ఇంటర్, మిర్యాలగూడలో డిగ్రీ, మూడూ హాస్టల్లోనే గడిచాయి. వాటిలో ఒకదాని వెనుక, ఏదో చెప్పను, స్నానాల నీళ్లు నిలిచి దోమలు ముసిరే ఖాళీ జాగా ఉండేది. పదకొండు మందిమి కలిసి సర్కారు తుమ్మ కొట్టేసి, ఆ నీళ్లకు కాలువ తీసి వంగ, టమాట, గోంగూర, బచ్చలి వేశాం. విత్తనాలు కామాటి అక్క ఇచ్చింది. ఆ చలికాలం మా సాంబారులో ముక్క దొరికింది. హాస్టల్లో ఉన్నవాడికే ఆ మాట విలువ తెలుస్తుంది.

తర్వాత ఏమైంది? వేసవి సెలవుల్లో నీళ్లు పోసే దిక్కులేక సగం ఎండిపోయింది. మరుసటి ఏడు ఎవరు కోయాలి, ఎవరికి ఎంత అని మాలో మాకే తగాదా. మూడో ఏడు ఒక పొద్దున లారీ వచ్చి కాయలతో ఉన్న మొక్కల మీదే ఇసుక పోసి పోయింది. ఏదో షెడ్డు కట్టాలట. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. ఆ మడి మాదని చెప్పే కాగితం ముక్క ఏదీ?

దీని మీద ఒక బలమైన అభ్యంతరం ఉంది. మా నాన్న ఒక్క మాటలో అన్నాడు: "పార పట్టేదుంటే ఇంటికాడనే ఉండకపోయినవారా?" ఆ మాటను తేలిగ్గా తీసేయలేను. శ్రమదానం పేరుతో మన పిల్లల చేతనే నీళ్లు మోయించిన, మరుగుదొడ్లు కడిగించిన బళ్లు మనకు కొత్త కాదు. హాస్టల్ తోట కూడా అలా మారితే మొదట వ్యతిరేకించేవాణ్ణి నేనే. కానీ మా అమ్మ నాటే మడికీ, మేము వేసిన వంగ మడికీ తేడా ఉంది. అక్కడ పంట ఆసామిది. ఇక్కడ కాసిన కాయ వేసినవాడిది. తేడా పనిలో లేదు, కాయ ఎవరిదన్నదాంట్లో ఉంది.

అందుకే నేనడిగేది తోట కాదు, సంఘం. మూడు పట్టణాల హాస్టళ్ల విద్యార్థులం, పూర్వ విద్యార్థులం కలిసి పెట్టుకునే సంఘం. ఖాళీ జాగాలు కొలిచి మడులుగా విడదీయాలి, ఇన్నేళ్లదాకా కదిలించమని అధికారులతో రాయించుకోవాలి. ఇష్టమున్నవాడే చేరాలి. ఇష్టం లేనివాడి పేరు హాజరు పట్టీలో కూడా కనిపించకూడదు. తోటలో కాసిందని మెస్ సరుకుల్లో ఒక్క కిలో కూడా తగ్గించరాదు. ఇది ముందే రాయించుకోకపోతే అసలు మొదలుపెట్టవద్దని నా అభిప్రాయం. వంట మనుషులకూ, కామాటీలకూ మనతో సమానంగా మడి ఉండాలి. సెలవుల్లో నీళ్లు పోసేదీ, కాసింది తీసుకునేదీ వాళ్లే. బడుల్లో పోషకాహార తోటలు పెంచమని 2019లో కేంద్రమే మార్గదర్శకాలిచ్చింది కాబట్టి మనం అడిగేది వింత కోరికేమీ కాదు. ఎరువు సంగతంటారా, తడి చెత్తతో వానపాముల ఎరువు చేసి 2000ల తొలి ఏళ్లలోనే పేరు తెచ్చుకున్న సూర్యాపేటలో అది కూడా ఒకరు చెప్పాలా?

అర్జీ రాసి ఉంచాను. వార్షికోత్సవం రోజు వేదిక పక్కన పుస్తకాల బల్ల దగ్గరే ఉంటాను. ఆరు సంతకాలైతే చాలుననుకుంటే ఇప్పటికి నాలుగు వచ్చాయి. మొదటిది కామాటి అక్కది, వేలిముద్ర.