ముసలెద్దుకు ముద్ద ఎక్కువైతే...

కనుమ వచ్చిందంటే కృష్ణ ఒడ్డున తోట్లవల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో పశువులదే పండగ. ఎడ్లను శుభ్రంగా కడుగుతారు, కొమ్ములకు రంగులేస్తారు, పొంగలి ముద్ద నోటికందిస్తారు. కొట్టంలో ముసలెద్దు ఉంటే దానికి ఇంకో రెండు ముద్దలు ఎక్కువే. ‘ఇన్నేళ్లు చెరకు బండి లాగింది, పాపం’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. రెండు మూడు రోజులు గడిచేసరికి అది పడుకున్నచోటి నుంచి లేవనంటుంది. బలవంతాన లేపితే నాలుగు కాళ్లూ దగ్గరకు చేర్చి, నడుం వంచి నిలబడుతుంది. కీళ్లవాతం ముదిరిందనుకుని ఆముదం కాచి మర్దన చేస్తారు. కాళ్లు సాగుతాయని వీధి చివరిదాకా నడిపిస్తారు.

మందు మాట దేవుడెరుగు, ఆ నడకతోనే జబ్బు రెట్టింపవుతుంది. ఎందుకంటే ఈసారి నొప్పి మోకాలిలో లేదు, గిట్టలో ఉంది.

వయసు మళ్లిన పశువుల్లో ఈ రెండూ తోడుదొంగలు. ఒకటి కీళ్ల అరుగుదల. ఏళ్ల తరబడి బరువు లాగిన ఎద్దుకు అది రాక తప్పదు. రెండోది గిట్ట లోపలి పొరల వాపు. పశువైద్యులు లామినైటిస్ అంటారు. కీళ్ల జబ్బుకు కాస్త నడక మంచిది. గిట్ట వాచినప్పుడు మాత్రం అడుగు కదపకూడదు. ఒకదానికి మందయింది రెండోదానికి విషం. అందుకే ముందు ఏది ఏదో తేల్చుకోవాలి.

అదేం బ్రహ్మవిద్య కాదు. కీళ్లు పట్టేసిన ఎద్దు పొద్దున్నే లేవడానికి కష్టపడుతుంది గానీ, పది అడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది. గిట్ట నొప్పి అలా కాదు. నడిచేకొద్దీ పెరుగుతుంది. మెత్తటి మట్టిలో ఎలాగో నెట్టుకొచ్చినా సిమెంటు రోడ్డెక్కగానే ఆగిపోతుంది. గిట్ట మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతుంది. కొన్ని పశువులు ముందుకాళ్లు కత్తెరలా పెనవేసి నిలబడతాయి. లోపలివైపు గిట్ట మీద బరువు పడకుండా అదో ఉపాయం.

ఇంతకీ పొంగలికీ కాలికీ ఏమిటి సంబంధం? ఎద్దు పొట్టలో మొదటి గది గడ్డిని నెమ్మదిగా పులియబెట్టే పెద్ద కాగు లాంటిది. అందులోకి అన్నం, నూకలు, తవుడు ఒక్కసారిగా వచ్చి పడితే పులుపు హద్దు దాటుతుంది. మంచి సూక్ష్మజీవులు చచ్చి, వాటి విషాలు రక్తంలో కలుస్తాయి. ఆ దెబ్బ గిట్టలోని సన్నటి రక్తనాళాలకు తగులుతుంది. గిట్టనూ లోపలి ఎముకనూ పట్టి ఉంచే పొరలు వాచి, పట్టు సడలుతుంది. ఎద్దు గిట్ట నెలకు సుమారు అర సెంటీమీటరే పెరుగుతుంది. అంటే సంక్రాంతి నాటి ముద్ద తాలూకు గీత ఏడాది పొడుగునా గిట్ట మీద కనిపిస్తూనే ఉంటుంది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం గంపలకొద్దీ తెచ్చి పోసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. లంకల్లో అయితే మగ్గిన అరటి గెలలతోనూ ఇదే ముప్పు.

నిజానికి ఈ జంట జబ్బుల గురించి ఎక్కువ తెలిసింది గుర్రాల వైద్యులకే. 1973లో అమెరికాలో ట్రిపుల్ క్రౌన్ పందేలు గెలిచిన సెక్రటేరియట్ అనే గుర్రానికి 1989లో ఈ గిట్ట జబ్బే వచ్చింది. నయమయ్యే దారి లేక చివరికి దానికి నొప్పిలేని మరణం ఇవ్వాల్సొచ్చింది. అప్పటికి దాని వయసు 19 ఏళ్లు. కోట్ల విలువైన గుర్రాన్నే కాపాడలేకపోయారంటే జబ్బు ఎంత మొండిదో చూడండి. గిట్ట జబ్బు ఒకసారి వచ్చిన ముసలి గుర్రానికి కీళ్లలోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. కీలు బాగుపడబోయి గిట్ట మళ్లీ తిరగబెడుతుందేమోనని భయం.

మన కొట్టంలోకి వద్దాం. ముసలెద్దు పళ్లు అరిగి ఉంటాయి. ఎండుగడ్డి నమలలేదు. అందుకే చిక్కిపోతుంది, అందుకే తవుడు పెంచుతారు. అంతకన్నా గడ్డిని సన్నగా నరికి, పచ్చిమేత కలిపి పెట్టడం మేలు. తవుడు పెట్టక తప్పదనుకుంటే రోజులో మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. కొత్త మేత ఏదైనా రెండు వారాల్లో మెల్లగా అలవాటు చేయాలి. కండ తగ్గకూడదు, కొవ్వు పట్టకూడదు. ఒళ్లు బరువెక్కితే ఆ భారమంతా కీళ్ల మీదా గిట్టల మీదా పడుతుంది.

సిమెంటు గచ్చు ఈ రెండు జబ్బులకూ శత్రువే. కొట్టంలో ఒక మూలన ఇసుక పోసి, దానిమీద ఎండుగడ్డి పరిస్తే చాలు. కృష్ణ ఒడ్డునున్న ఊళ్లకు ఇసుక గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పెరిగిన గిట్టలను ఆర్నెల్లకోసారైనా తెలిసినవాళ్లతో చెక్కించాలి. గిట్ట వేడి తగ్గి, నొప్పి పూర్తిగా పోయాకే నడక. అదీ మెత్తటి నేల మీద, రోజూ కాసేపు. కాడి సంగతి ఇక మర్చిపోవాలి.

నొప్పి మాత్రల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. నొప్పి తెలియకపోతే ఎద్దు చెడిన గిట్ట మీదే తిరిగేస్తుంది. ఎక్కువ రోజులు వాడితే పొట్టలో పుండ్లు పడతాయి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకూడదని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు వేసిన పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయేవి. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు కొట్టాల్లోకి చేరుతుండటంతో 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు తగ్గించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ పశువులకు ఆపేశారు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని తేలింది. అయినా మోతాదు చెప్పాల్సింది డాక్టరే, మందుల షాపువాడు కాదు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఊళ్లోకే వస్తుంది. ఎక్స్‌రే లాంటివి అవసరమైతే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది.

ఎద్దు అసలే లేవకపోతే డాక్టరు వచ్చేదాకా తోకపట్టి లాగొద్దు, ముల్లుకర్రతో పొడవొద్దు. అంత బరువు ఒకే పక్కన ఆరేడు గంటలు ఆనితే కింది కాలి కండరం చచ్చుబడుతుంది. ఆ తర్వాత గిట్ట బాగుపడినా ఎద్దు లేవదు. ఇద్దరు మనుషులు పట్టి మూడు నాలుగు గంటలకోసారి రెండో పక్కకు తిప్పాలి. రాత్రిపూట కూడా.