నీళ్లొచ్చినయంటున్నరు... మరి తైబందీ ఏది?

నీళ్లు, నిధులు, నియామకాలు. మన కొట్లాటకు మూడు మాటలు, అండ్ల మొదటి మాట నీళ్లే. కృష్ణలో మా వాటా ఎంత, గోదావరిలో మా పాలు ఎంత అని లెక్క అడిగినందుకే మనల్ని వేర్పాటువాదులన్నరు. ఆర్.విద్యాసాగర్‌రావు సారు టీఎంసీల లెక్కను బడిపిల్లలకు ఎక్కం చెప్పినట్టు చెప్పిండు. విద్యార్థి నేర్చుకున్నడు, ఉద్యోగి నేర్చుకున్నడు, సకల జనులు నేర్చుకున్నరు. 2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది.

పదేండ్లు దాటినయి. 2024 యాసంగిలో పొట్టకొచ్చిన వరి ఎండి పశువుల మేతకు పోయింది. 2025 యాసంగిలోనూ చాలా ఊళ్లలో అదే గోస. ఇప్పుడు నింద మోపేటందుకు పరాయి పాలకుడు లేడు. మన ఓటుతో, మన రాష్ట్రంలో, మన సర్కారు ఉన్నది. అందుకే లెక్క అడుగుడు బంద్ చెయ్యొద్దు. నదిలో వాటా ఎంతని అడిగిన నోటితోనే ఊళ్లో ఉన్న నీళ్లెన్ని, వేసే పంటెంత అని అడగాలె.

మన ఊళ్లకు ఈ లెక్క కొత్తది కాదు. దాని పేరు తైబందీ. వానకాలం పోయినంక చెరువులో నీళ్లెంత నిలిచినయో చూసి, యాసంగికి ఎన్నెకరాలకు సరిపోతయో తేల్చి, ఏ తూము కింద ఎవరెంత నాటు వెయ్యాలెనో ఒప్పుకునేటోళ్లు. నీళ్లు తక్కువుంటే సాగు తక్కువ. పాత కాలమంతా ధర్మంగా నడిచిందని చెప్పను. దొర పొలం తడిసినంకనే తతిమ్మా పొలాలు తడిసిన ఊళ్లు ఎన్నో. కాని ముందు నీళ్లు చూసి తర్వాత పంట నిర్ణయించాలె అన్న నీతి అండ్ల ఉన్నది. ఇయ్యాల ఆ నీతి తలకిందులైంది. ముందు నాటు, తర్వాత నీళ్ల కోసం ఉరుకులాట.

మన భూమి సంగతి తెలిస్తేనే ఈ ఉరుకులాట ఎందుకో అర్థమైతది. తెలంగాణలో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల చిల్లర వాన పడ్తది. అండ్ల ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ దాకనే. అడుగున చాలామట్టుకు గట్టి రాయి. నది ఒడ్డు ఇసుక నేలల్లాగ మన రాయి నీళ్లను దాచుకోదు, పగుళ్లలో కొంచెమే పడ్తయి. అసొంటి రాతి మీద 25 లక్షలకు పైగా మోటార్లు నడుస్తున్నయి. నల్లగొండ జిల్లా ముషంపల్లిలో మనుషుల కంటే బోర్లే ఎక్కువున్నయని పి.సాయినాథ్ 2004లోనే లోకానికి చెప్పిండు. ఒక రైతు వంద అడుగులకు పోతే పక్క రైతు రెండొందలకు పోవుడు, ఇద్దరూ అప్పుల పాలగుడు. నల్లగొండలో లోతు నీళ్లతో పాటు ఫ్లోరైడ్ కూడా పైకొచ్చింది.

ఇగ పంట లెక్క. ఎకరం వరికి ఒక పంటకాలానికి దాదాపు 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెడ్తరు. అంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. మక్కకు, పల్లికి అండ్ల సగమే చాలు. పెసర, మినుము పావలా భాగంతో పండుతయి. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. వరికైతే ఆరు వేల ఎకరాలు కూడా దాటది, ఆరుతడికైతే పది వేలు దాటుతది. పొలంలో ఇంకిన నీళ్లు మళ్లీ భూమిలోకే పోతయి కదా అంటరు కొందరు. కొంత పోతయి, నిజమే. ఎండకు ఆవిరైనయి మాత్రం తిరిగి రావు. ఇంకినయి మళ్లీ పైకి రావాలంటే మళ్లీ మోటారు తిరగాలె.

తెలంగాణలో సర్కారు కొన్న వడ్లు 2014-15లో 24 లక్షల టన్నులు. 2020-21లో 141 లక్షల టన్నులు. ఆరేండ్లలో దగ్గరదగ్గర ఆరింతలు! కాళేశ్వరం 2019 జూన్‌లో మొదలైంది, 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగినయి. ఆ తర్వాత 2024 వానకాలంలో 153 లక్షల టన్నుల వడ్లు పండినయని సర్కారే ప్రకటించింది. ఆ పంట ఘనత మాదంటే మాదని పార్టీలు జబ్బలు చరుచుకున్నయి. మేడిగడ్డ ఎత్తకున్నా పండిన ఆ వడ్లకు వాన ఎంత, చెరువు ఎంత, కాలువ ఎంత, బోరు ఎంత అన్నది మాత్రం ఊరి గోడ మీద ఎవరూ రాయలేదు. లక్ష కోట్లకు పైగా పెట్టి నీళ్లు ఎత్తుడు మీద ఉన్న సోయి, ఎత్తిన నీళ్లను లెక్కగట్టుడు మీద లేకపాయె.

ఇండ్ల రైతు తప్పున్నదా? రైతు దురాశ అని ఏసీ గదుల్లో కూసొని తీర్పులిచ్చే పెద్దమనుషులకు ఒక్కటే ప్రశ్న. కళ్లంలో కాంటా పెట్టి మద్దతు ధరకు ఖాయంగా కొనే పంట ఇంకేమున్నది? కేంద్రం 22 పంటలకు మద్దతు ధర ప్రకటిస్తది. జొన్నకు 2025-26లో క్వింటాలుకు 3,699 రూపాయలని కాగితం మీద ఉన్నది. వడ్లకు 2,369. కాగితం చూస్తే జొన్నే మేలు. కాని వడ్లకు ఊరూరా కొనుగోలు కేంద్రం ఉంటది, జొన్నకు ఉంటదన్న భరోసా లేదు. 2024 వానకాలం నుంచి సన్న వడ్లకు 500 రూపాయల బోనస్ కూడా తోడైంది. వరి ఎయ్యమని అన్ని దారులు తెరిచి, వరి ఎందుకేసినవని అడుగుడు ఏం న్యాయం? రైతుకు లెక్క తెల్వక కాదు, లెక్క తెలిసే వరి వేస్తున్నడు.

పాలకులకు పంట మార్చాలన్న ఆలోచన రాలేదని కాదు. 2020లో నియంత్రిత సాగు అన్నరు. వానకాలం మక్క వెయ్యొద్దన్నరు, చెప్పిన పంట వెయ్యకుంటే రైతుబంధు రాదన్నరు. ఆ విధానం ఏడాది కూడా నిలవలేదు. 2021లో ఉప్పుడు బియ్యం కొనమని కేంద్రం చేతులెత్తేసింది. రాష్ట్రం యాసంగి వరి వద్దన్నది. ఒక సర్కారు ఇందిరాపార్కు కాడ ధర్నా చేసె, ఇంకో సర్కారు ఢిల్లీలో కూసొని వినకపాయె. నడుమ నలిగింది రైతు. ‘వరి వేస్తే ఉరి’ అనుడు విధానం కాదు, బెదిరింపు. వరి బదులు ఏం వెయ్యాలె, అది ఎవరు కొంటరు, ఎంతకు కొంటరు? ఈ మూడు చెప్పకుండ ఇచ్చే హుకుం ఏదైనా కళ్లం దాకా రాదు.

ఉచిత కరెంటు సంగతి సూటిగ మాట్లాడుకుందాం. 2004లో మొదలైంది, 2018 జనవరి 1 నుంచి 24 గంటలైంది. ఉచిత కరెంటే భూగర్భ జలాలను మింగిందని, మోటార్లకు బిల్లులు వెయ్యాలని ఒక బ్యాచ్ ఎప్పుడూ పాడుతనే ఉంటది. కాలువ కింద రైతుకు ప్రజల పైసలతో డ్యామ్ కట్టి నీళ్లు మడి దాకా తెచ్చిచ్చినరు. కాలువ రాని రైతు సొంత అప్పుతో బోరు తవ్వుకున్నడు, ఎండిన బోర్ల అప్పు కూడా మోస్తున్నడు. ఉచిత కరెంటు అతనికి బిచ్చం కాదు, సగం న్యాయం. దాన్ని ముట్టొద్దు. కాని ఆదా చేసిన రైతుకు ఇయ్యాల దక్కేదేమున్నది? పంజాబ్‌లో 2018లో ఒక పథకం పెట్టినరు. మోటారుకు కొన్ని యూనిట్లు కేటాయించి, అండ్ల మిగిల్చిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయల చొప్పున రైతుకే ఇచ్చినరు. బిల్లు లేదు, బహుమతి ఉన్నది. మన దగ్గర మోటారు మోటారుకు మీటరంటే అనుమానం సహజం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలిచి, ఆదా చేసిన రైతుల గుంపుకు పైసలియ్యొచ్చు కదా?

చట్టాలు లేవా అంటే పుష్కలంగ ఉన్నయి. నీటి సంఘాల చట్టం 1997లో వచ్చింది. ఏండ్లకేండ్లు ఎన్నికలు లేక ఆ సంఘాలు పేరుకే మిగిలినయి. వాల్టా చట్టం 2002లో వచ్చింది. కొత్త బోరుకు అనుమతి ఉండాలె, రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉండాలె, నీళ్లు అడుగంటిన ఊళ్లలో కొత్త బోర్లు ఆపాలె. రాత్రికి రాత్రి ఊళ్లోకొచ్చి తెల్లారేసరికి బిల్లు చేతిలో పెట్టి పోయే రిగ్గు బండిని ఆ చట్టం ఎక్కడ ఆపింది? చట్టం ఒక్కటే సరిపోదని కూడ పంజాబే నేర్పుతది. జూన్ 10కి ముందు నాటు వెయ్యొద్దని 2009లో చట్టం చేసినరు. కోత వెనక్కి జరిగింది, గోధుమకు తొందరై కొయ్యకాళ్ల కాలుడు పెరిగింది. వరి కొనుగోలు మారలేదు కనుక వరి తగ్గలేదు. ఈనాటికీ అక్కడ భూమిలోకి ఇంకేదానికి ఒకటిన్నర రెట్లకు పైగా తోడుతున్నరు.

మరి దారి ఉన్నదా? ఉన్నది, మన మట్టి మీదనే నడిచింది. 2003 తర్వాత మహబూబ్‌నగర్, నల్లగొండ సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానను కొలిచినరు, బోర్లల్ల నీటి మట్టం కొలిచినరు. యాసంగికి ముందు ఊరంతా కూసొని నీటి పద్దు రాసుకున్నరు. ఏపీఫామ్స్ అన్న ఆ పనిలో బలవంతం లేదు, లెక్క కళ్ల ముందు పెట్టుడే. చాలా ఊళ్లలో రైతులే వరి తగ్గించి ఆరుతడికి పోయినరు. నిధులు ఆగినంక పాలకులు దాన్ని విధానంగ మార్చుకోలేదు. మహారాష్ట్రలో హివ్రేబజార్ గ్రామసభ ఏటా వానను బట్టి పంటలు తేలుస్తది, సాగుకు బోర్లు వద్దని కట్టుబాటు పెట్టుకున్నది. జహీరాబాద్ దిక్కు దళిత మహిళా సంఘాలు డీడీఎస్ తోడుగ జొన్నలతో సొంత రేషన్ నడిపి చూపినయి. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ పెట్టి రాగులు కొని రేషన్‌లో ఇచ్చింది.

అందుకే సర్కారును అడగాల్సినయి ఇవి. ఒకటి, యాసంగి నాట్లకు ముందే ప్రతి ఊరి నీటి పద్దు పంచాయతీ గోడ మీద రాయాలె. చెరువుకే కాదు, బోర్లకూ తైబందీ కావాలె. అండ్ల కౌలుదారుకు, ఆడోళ్లకు కూసునే జాగ ఉండాలె. రెండు, వడ్లు కొన్నట్టే జొన్న, కంది, పెసర, పల్లి ఊళ్లోనే కొనాలె. మూడు, కొన్నదాన్ని గోదాముల్లో ముక్కబెట్టకుండ రేషన్‌కు, అంగన్‌వాడీకి, హాస్టళ్లకు పంపాలె. నాలుగు, వరి వదిలిన ఎకరానికి మొదటి మూడేండ్లు బోనస్ ఇయ్యాలె. ఐదు, నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టి అధికారం ఇయ్యాలె. 2015లో మిషన్ కాకతీయ పేరుతో పూడిక తీసిన చెరువులు మళ్లీ పూడకుండ చూసే బాధ్యత వాటికే అప్పజెప్పాలె.

విద్యార్థి మిత్రులారా, మీ హాస్టల్ పళ్లెంలో రొట్టె వస్తే ఊళ్లో ఒక బోరు ఎండకుండ ఆగుతది. ఆ రొట్టె అడుగుండ్రి. ఉద్యోగులారా, భూగర్భ జలాల అంకెలు మీ దస్త్రాల్లోనే ఉన్నయి. అవి హైదరాబాద్ బీరువాల్లో కాదు, ఊరి గోడ మీద ఉండాలె. ఒకనాడు మన వాటా లెక్క దాచినోళ్లతో కొట్లాడినం. ఇయ్యాల లెక్కే కట్టని పాలనతో కొట్లాడాలె. ఈ యాసంగి నారు పోసేలోపే గ్రామసభలో లేచి ఒక్క మాట అడుగుండ్రి: మా ఊరి తైబందీ ఏది?