జింకల బెడద: ఏ జింకను కొట్టవలెనన్న ప్రశ్న

కందియు ప్రత్తియు రెండాకులు తొడుగునప్పటికే జింకల మందలు పడి మొదలంట మేసిపోవుచున్నవని నారాయణపేట జిల్లా కృష్ణాతీర గ్రామముల సభ్యులు కొందఱు మాతో మొఱపెట్టుకొనుచున్నారు. రెండుమాఱులు విత్తి, మూడవమాఱు విత్తనములకై అప్పు కోరి సంఘము గుమ్మమెక్కిన రైతు బాధ మాకు తెలియనిది కాదు. వారిలో నొకరు మమ్ముల నిట్లడిగిరి: "పట్నం నుంచి తుపాకివాండ్లను పిలిపిస్తే నాలుగు జింకలను కొట్టి పోతారు గదా? తక్కినవి బెదరి పోవా?" ఈ ప్రశ్నకు సూటిగా బదులు చెప్పుట మా విధియని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సంఘపు పనిమీద హైదరాబాదునకు పోయినప్పుడు ఒక ఆదివారమున మేము ఆబిడ్సు వీధిని నడచితిమి. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను కొలువున నుండిన ఆల్బర్టు ఆబిదు అనునతని అంగడివలన ఆ పేటకా పేరు కలిగినది. ఆదివారములందు అచటి కాలిబాటలపై పాతపుస్తకములు పఱచి అమ్ముదురు. అందు దొరలనాటి వేటపుస్తక మొకటి మా కంటబడినది. ఏ జింకను కొట్టవలెనని అందొక ప్రకరణము కలదు. అందు చెప్పినదంతయు కొమ్ముల కొలతయే. వన్నె నల్లబడిన ముదురు ఇఱ్ఱిని చూడుము, కొమ్ముల మెలికలు లెక్కింపుము, అంగుళములు చాలనిచో విడిచిపెట్టుము అని దాని సారము. గోడకు తగిలించు తలకొఱకు చేసిన వేట అది. చేను మాట అందెచ్చటను లేదు.

ఈ విధమైన ఎంపికవలన రైతునకు గింజయంత లాభము లేదని మా అభిప్రాయము. లెక్క చూడుడు. ఒక మందలో పది ఇఱ్ఱులును నలువది లేళ్లును ఉన్నవనుకొందము. వేటగాడు తొమ్మిది ఇఱ్ఱులను కొట్టెను. మిగిలిన యొక్కటి చాలదన్నను ప్రక్కమంద ఇఱ్ఱులు కలవు. నలువది లేళ్లును మఱుసటేట ఈనకపోవు. పశువుల పెంపకమెఱిగిన రైతునకు ఇది చెప్పవలసిన పనియే లేదు. ఆబోతుల నమ్మినంతమాత్రమున ఆవులమంద తఱుగునా? మందను పెంచునదియు తఱుగజేయునదియు ఆడుజంతువుల సంఖ్యయే.

ఇక కూతపెట్టి పిలుచు వేట. మృగమును మృగముచేతనే పట్టు ఉపాయము మనవారికి క్రొత్త కాదు. దానికి దీమమను మాట మన భాషలో అనాదిగా నున్నది. మచ్చిక చేసిన ఇఱ్ఱి కొమ్ములకు ఉరులు కట్టి మందపై వదలు పద్ధతి మొగలాయీల కాలమునను ఉండెను. జర్మనీ దేశమున చిన్నజాతి దుప్పులు ఎదకు వచ్చు జులాయి, ఆగస్టు నెలలలో వేటగాండ్రు ఆకుతోనో పీకతోనో ఆడుదాని కూత కూసి పోతును రప్పింతురు. అమెరికాలో శరదృతువున పోతు గుఱ్ఱుమను ధ్వనిని గొట్టముతో పుట్టింతురు. రెండు కొమ్ములు గలగల తాకించి పోట్లాటయని భ్రమింపజేయుదురు. ఈ పిలుపులకు వచ్చునది ముఖ్యముగా ఎదనున్న పోతే. పిల్లకూత కూసినచో తల్లి పరుగెత్తి వచ్చును. దానిని కొట్టినచో పాలుత్రాగు పిల్ల పొదలో ఆకలిచే చచ్చును. కావున పిలుపువేట నేర్పునకు నిదర్శనము కావచ్చును గాని చేనికి రక్ష కానేరదు.

ఆ దేశములలో మంద నదుపునకు తెచ్చునది కూతగొట్టము కాదు, లెక్కపుస్తకము. జర్మనీలో ఏ ప్రాంతమున ఏ యీడువి, పోతులెన్ని, పెంటులెన్ని తీయవలెనో ముందుగా పట్టిక వ్రాసికొందురు. అమెరికా రాష్ట్రములలో ఆడుదుప్పులకు ప్రత్యేకముగా అనుమతి చీట్లిత్తురు. ఎంపిక చేయువాడు తుపాకి పట్టినవాడు కాడు, లెక్క పట్టినవాడు.

మన చట్టము వేఱు మార్గము త్రొక్కినది. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. ఉరి యొడ్డుట, ఎరజూపి రప్పించుట, తఱిమి పట్టుట యన్నియు ఆ చట్టమున వేటయే. కృష్ణజింక మొదటి షెడ్యూలు లోనిది. మనిషి ప్రాణమునకు అపాయమైనప్పుడో, బాగుపడని రోగము గాని అవిటితనము గాని కలిగినప్పుడో తప్ప దానిని చంపుటకు అనుమతి లేదు. పంట మేసినదన్న కారణము చాలదు. దానిని చంపినవానికి మూడేండ్లకు తక్కువగాక ఏడేండ్లవఱకు కారాగారము. రెండవ షెడ్యూలు లోని జంతువు పైరు పాడుచేసినచో ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు కారణములు వ్రాసి ఉత్తరువు ఈయవచ్చును. అదియు అతని చేతిలోనిదే, మన చేతిలోనిది కాదు. కావున పట్నపు తుపాకివానిని పిలిపించిన రైతు, పంటతోపాటు స్వేచ్ఛను గూడ పోగొట్టుకొనును. చేనిచుట్టు కరెంటుతీగ పఱచుట అంతకంటె ఘోరము. అది జింకకును, నీరు కట్టవచ్చిన ప్రక్కచేని రైతునకును భేద మెఱుగదు.

తుపాకి ప్రభుత్వమువారి యనుమతితో వచ్చినను ఏమైనదో చూతము. బీహారులో మనుబోతులను ఒక సంవత్సరముపాటు హానికర జంతువులుగా కేంద్రప్రభుత్వము ప్రకటింపగా, 2016 జూనులో మోకామా ప్రాంతమున హైదరాబాదు నుండి పోయిన వేటగాండ్రు రెండువందల యేబదికి పైగా కాల్చిరి. దేశమంతట అలజడి రేగినది. తరువాతి సంవత్సరములందును అచట ఆ బెడద తీరలేదు.

అట్లయిన రైతు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? కూడదు. ఆబిడ్సుకు దాపుననే నాంపల్లి పబ్లికు గార్డెన్సు కలదు. పూర్వమచట జంతుప్రదర్శనశాల యుండెను. 1963లో నెహ్రూ జూ తెఱచినపుడు ఆ జంతువులను అచటికి తరలించిరి. నిజాముల వేటభూమి యొకటి 1975లో మహావీర హరిణ వనస్థలి యను పేర జింకలకు ఆశ్రయమైనది. నగరవాసులు జింకను కంచె వెలుపలినుండి చూచి మురియుదురు. మేమును ఆ ప్రేమను తప్పుపట్టము. కాని ఆ కంచె లేని జింకలకు మేత పెట్టుచున్నవాడు పల్లెలోని రైతు. జింకను కాపాడుట దేశమంతటి ధర్మమైనచో దాని ఖర్చు ఒక్క రైతుతలపై పడుట న్యాయము కాదు. మా వాద మింతే.

జింకను చంపక తొలగించు మార్గము కలదు. చట్టమే అందులకు చోటిచ్చినది. 2025 అక్టోబరులో మధ్యప్రదేశపు షాజాపూరు ప్రాంతమున దక్షిణాఫ్రికా నిపుణుల సాయముతో హెలికాప్టరు నుపయోగించి, గరాటువంటి తడికెల దొడ్డిలోనికి మందలను మెల్లగా త్రోలి, ఎనిమిదివందలకు పైగా కృష్ణజింకలను పట్టి అడవులకు చేర్చిరి. అచట ఇఱ్ఱిని ఏరలేదు, కొమ్ములు కొలువలేదు. ఇఱ్ఱులు, లేళ్లు, పిల్లలు కలసి మందకు మందయే కదలినది. రైతునకు కావలసిన ఎంపిక ఇదియే.

ఇట్టి పని మన ప్రాంతమునకు రావలెనన్న లెక్క మనయొద్ద నుండవలెను. ప్రతి సంఘమును ఒక నష్టపట్టిక తెఱవవలెను. తేది, సర్వేనంబరు, పైరు, పోయిన విస్తీర్ణము, మందలో ఇఱ్ఱు లెన్ని, లేళ్లెన్ని, పిల్లలెన్ని యని అందు వ్రాయవలెను. ప్రక్కగ్రామములవారందఱు ఒకేనాడు ఒకేవేళ లెక్కింపవలెను. లేనిచో ఒక్క మందయే నాలుగూళ్లలో నాలుగు మందలగును. ఆ పట్టికతో అటవీశాఖవారికి ఉమ్మడి విన్నపము పంపవలెను. కంచె వేయదలచినచో ఒక్కరొక్కరుగా వేయరాదు. ఒకని చేనినుండి తఱిమిన మంద పొరుగువాని చేనిలో పడును. వన్యమృగములవలని పంటనష్టమును 2026 ఖరీఫునుండి ఫసలు బీమాలో చేర్చుదుమని 2025 నవంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. జంతువుల పేళ్లును ప్రాంతములును తెలుపవలసినది రాష్ట్రప్రభుత్వములు. నష్టము జరిగిన 72 గంటలలో తెలుపవలసినది రైతు. మన పట్టిక అందులకును అక్కఱకు వచ్చును.

దీమము పెట్టి ఒక జింకను పిలుచుట సులభము. పదియూళ్ల రైతులను ఒక పట్టికక్రింద పిలుచుట కష్టము. సంఘమని పేరుపెట్టుకొన్నది ఆ కష్టము కొఱకే గదా. సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమునాటికి తమ తమ గ్రామముల లెక్కలు తెచ్చెదరని ఆశించుచున్నాము.