బూట్ కాని కంప్యూటర్‌కు ఫార్మాట్ ఒక్కటే మందా?

గోల్‌మురిలో గానీ గుంటూరులో గానీ, ఇంటి కంప్యూటర్ ఒకరోజు నల్ల తెర మీద 'నో బూటబుల్ డివైస్' అన్న ముక్క చూపించి ఆగిపోతే, దుకాణంలో వినిపించే మాట దాదాపు ఒకటే: "ఫార్మాట్ కొట్టాలి." ఎంతవుతుందని అడుగుతాం. సాయంత్రం రమ్మంటారు. వెళ్లి తెచ్చుకుంటాం. కంప్యూటర్ కొత్తదానిలా పనిచేస్తుంది. అందులో ఉన్నవి మాత్రం ఉండవు.

గోల్‌మురి పేరు ముందు చెప్పడానికి కారణం ఉంది. జంషెడ్‌పూర్‌లోని ఈ పేట టిన్‌ప్లేట్ కర్మాగారం చుట్టూ పెరిగింది. కిరోసిన్ డబ్బాలకు కావలసిన తగరపు పూత రేకు కోసం 1920లో ఏర్పడిన ఆ కంపెనీ 2024 జనవరిలో టాటా స్టీల్‌లో విలీనమైంది. ఉక్కు, రేకు పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ నగరంలో తరాలుగా ఉన్నాయి. రిటైరైన పెద్దలు అక్కడ, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, బంధువులు శ్రీకాకుళం వైపు. ఇలాంటి ఇంట్లో కంప్యూటర్ ఒక బీరువా. ప్రావిడెంట్ ఫండ్ కాగితాల స్కాన్లు, ఊళ్లో మిగిలిన పొలం దస్తావేజులు, పెళ్లి వీడియోలు, పోయినవాళ్ల ఫోటోలు అన్నీ అందులోనే. రెండో ప్రతి ఎక్కడా ఉండదు. కాబట్టి 'ఫార్మాట్' అన్న మాట ఆ ఇంటికి చిన్న మాట కాదు.

నిజానికి ఆ మాట చాలాసార్లు అనవసరం కూడా. ఎందుకో తెలియాలంటే యంత్రం ఎలా లేస్తుందో ఒక్క క్షణం చూడాలి.

స్విచ్ వేయగానే ముందు లేచేది విండోస్ కాదు, మదర్‌బోర్డు మీద ఉండే ఫర్మ్‌వేర్. అలవాటుగా బయోస్ అంటాం, ఇప్పటి యంత్రాల్లో దాని అసలు పేరు యూఈఎఫ్ఐ. అది డిస్కులో ఒక చిన్న విభాగాన్ని వెతుకుతుంది. విండోస్ తనంతట తాను సిద్ధం చేసుకున్నప్పుడు ఆ విభాగం సాధారణంగా 100 మెగాబైట్లు ఉంటుంది. బూట్‌లోడర్ ఉండేది అక్కడే. అసలు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందో చూసి, దాన్ని లేపి, తాను తప్పుకోవడమే దాని పని. పాత యంత్రాల్లో ఈ పని డిస్కు మొదటి 512 బైట్ల నుంచి మొదలయ్యేది. మన ఫైళ్లు ఉండేది వేరే విభాగంలో. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా, విండోస్ పక్కన లినక్స్ వేసే ప్రయత్నం వికటించినా, పాత డిస్కు తీసి కొత్తది పెట్టినా దెబ్బతినేది ఎక్కువగా ఈ చిన్న విభాగమే. డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే ఏమీ దెబ్బతినకుండానే బూట్ ఆగిపోవచ్చు. బయోస్ తన సెట్టింగులు మరిచిపోయి, తప్పు పద్ధతిలో డిస్కును వెతుకుతుంది. ఆ బ్యాటరీ ఖరీదు ఒక పూట టిఫిను ఖర్చుకు మించదు.

బాగుచేయడమూ బ్రహ్మవిద్య కాదు. వేరే కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఇన్‌స్టాలర్ తయారు చేసుకుని, దానితో యంత్రాన్ని లేపి, 'ఇన్‌స్టాల్' నొక్కకుండా 'రిపేర్ యువర్ కంప్యూటర్' అన్న దారిలో వెళ్తే 'స్టార్టప్ రిపేర్' దొరుకుతుంది. దానితో కాకపోతే అక్కడే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, చిన్న విభాగానికి ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, 'బీసీడీబూట్' అన్న ఆదేశం ఇస్తే విండోస్ ఫోల్డర్‌లో ఉన్న బూట్ ఫైళ్లను అది మళ్లీ అక్కడికి చేరుస్తుంది. ఇంటర్నెట్ వీడియోల్లో ఎక్కువగా చెప్పే 'బూట్‌రెక్, ఫిక్స్ ఎంబీఆర్' మంత్రం పాత తరం యంత్రాలది, యూఈఎఫ్ఐ యంత్రాల్లో దానివల్ల ఒరిగేదేమీ లేదు. దాని జంట ఆదేశం 'ఫిక్స్ బూట్' అయితే చాలాసార్లు 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అని మొహం మీదే చెప్పేస్తుంది. లినక్స్ అయితే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి, డిస్కులోని వ్యవస్థలోకి ప్రవేశించి, గ్రబ్‌ను మళ్లీ ఎక్కించడమే.

ఇవన్నీ చేసేముందు చూడవలసింది ఒకటుంది. బయోస్ తెరలో అసలు డిస్కు పేరు కనబడుతోందా? కనబడకపోతే, లేదా డిస్కు టిక్ టిక్ మంటుంటే, జబ్బు బూట్‌లోడర్‌ది కాదు. అక్కడితో ఆపాలి, ప్రతి ప్రయత్నమూ డిస్కును ఇంకా చంపుతుంది. కనబడుతుంటే, మరమ్మతుకు ముందే లైవ్ లినక్స్‌తో లేపి ఫైళ్లను బయటి డిస్కుకు ఎక్కించుకోవాలి. దుకాణదారు ఎవరైనా మొదట అడగవలసిన ప్రశ్న "లోపల ఏమున్నాయి?" అన్నది. ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

దానికి దుకాణదారును తిట్టి లాభం లేదు. ఫార్మాట్‌కు ఒక రేటు ఉంది, ఒకేసారి నాలుగు యంత్రాలకు చేయవచ్చు, ఫలితం ఖాయం. బూట్ మరమ్మతుకు రోగ నిర్ధారణ కావాలి, ఒక్కో యంత్రం ముందు కూర్చోవాలి, కుదరకపోతే డబ్బు అడగలేరు. మనమూ "ఎంతసేపవుతుంది, ఎంతవుతుంది" అనే అడుగుతాం. తమాషా ఏమిటంటే, గోల్‌మురిలోనే ఆర్.డి. టాటా టెక్నికల్ ఎడ్యుకేషన్ సెంటర్ ఉంది. ఆగిపోయిన యంత్రంలో తప్పు ఎక్కడుందో కనిపెట్టి ఆ ఒక్క భాగాన్నే మార్చడం ఆ నగరం వందేళ్లుగా బతికిన వృత్తి. రోలింగ్ మిల్లు ఆగితే మిల్లు మొత్తం పీకి కొత్తది వేద్దామని ఏ ఫిట్టరూ అనడు.

ఇంతవరకూ చెప్పింది పాత కథే. మరమ్మతు చేయాలని మనసున్నా చేయలేని స్థితి ఇప్పుడు ముంచుకొస్తోంది. అసలు చర్చించవలసింది దాన్ని.

మొదటిది ఎన్‌క్రిప్షన్. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా సిస్టమ్ వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా హోమ్ యంత్రాల్లోనూ డిస్కు దానంతట అదే తాళం పడిపోతుంది. ల్యాప్‌టాప్ దొంగతనానికి గురైతే ఇది మంచిదే. కానీ బూట్ దారిలో ఏదైనా మారితే తెర 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఎవరిది? కొన్నరోజు దుకాణంలో ఎవరో సృష్టించినదా? హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయిదా? పాస్‌వర్డ్ మరిచిపోయిన పాత ఈమెయిలా? కీ దొరక్కపోతే బీసీడీబూట్ కాదు, ప్రపంచంలో ఏ నిపుణుడూ ఆ ఫోటోలను తేలేడు. ఒకప్పుడు ఫార్మాట్ సోమరి పరిష్కారం. కీ లేని ఇంటికి అదే మిగిలిన పరిష్కారం.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ తప్పుడు అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ యంత్రాలు కూలినప్పుడు ప్రపంచం చూసింది దీని పెద్ద రూపమే. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో ఆ రోజు అందరి ఫోన్లలోనూ తిరిగింది. అక్కడ చెడింది బూట్‌లోడర్ కాదు, బూట్ అయ్యేటప్పుడు ఎక్కే ఒక భద్రతా డ్రైవర్. కానీ తీసేయవలసింది ఒక్క ఫైలే అయినా, దాన్ని చేరడానికి యంత్రం యంత్రం దగ్గరికీ మనిషి వెళ్లవలసి వచ్చింది, చాలాచోట్ల ముందు రికవరీ కీ వెతకవలసి వచ్చింది. కంపెనీలకు కీల జాబితా ఉంచే ఐటీ విభాగం ఉంటుంది. ఇంటికి ఉండదు.

రెండోది సెక్యూర్ బూట్. ఫర్మ్‌వేర్ తన దగ్గరున్న సర్టిఫికెట్లతో సరిపోయే సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే లేవనిస్తుంది. దీనికి కారణం లేకపోలేదు. విండోస్ కన్నా ముందే లేచి దాక్కునే 'బ్లాక్‌లోటస్' లాంటి దొంగ బూట్‌కిట్లను ఈసెట్ సంస్థ 2023లో బయటపెట్టింది. అయితే తలుపు దగ్గర ఎవరిని రానివ్వాలో తేల్చే చేతి పొరపాటు కూడా ఇంటి యజమాని మీదే పడుతుంది. 2024 ఆగస్టు నెల విండోస్ అప్‌డేట్, పాత లోపమున్న లినక్స్ బూట్‌లోడర్లను అడ్డుకోబోయి, విండోస్-లినక్స్ రెండూ ఉన్న అనేక యంత్రాల్లో లినక్స్‌ను లేవకుండా చేసింది. అలాంటి యంత్రాలకు ఇది వర్తించదని మైక్రోసాఫ్ట్ ముందు చెప్పింది, కానీ వాటిని గుర్తించే పద్ధతి కొన్నింటిని పట్టుకోలేకపోయింది. పూర్తి సవరణ వచ్చింది 2025 మే అప్‌డేట్‌లో. తొమ్మిది నెలలు! ఈలోగా సెక్యూర్ బూట్ ఆపి ఆ విధానాన్ని తొలగించడం తెలిసినవాళ్లు బయటపడ్డారు, తెలియనివాళ్లు దుకాణానికి వెళ్లారు. దుకాణంలో ఏమన్నారో ఊహించవచ్చు.

ఇక మూడోది, అన్నిటికన్నా దగ్గరిది. సెక్యూర్ బూట్‌కు ఆధారమైన మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు 2011 నాటివి. వాటిలో రెండింటి గడువు 2026 జూన్, విండోస్ బూట్‌లోడర్ మీద సంతకం చేసేదాని గడువు 2026 అక్టోబరు. వాటి స్థానంలో 2023 నాటి కొత్త సర్టిఫికెట్లను అప్‌డేట్ల ద్వారా ఎక్కిస్తున్నారు. గడువు దాటగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న ప్రచారం నిజం కాదు. లేచేవి లేస్తూనే ఉంటాయి, బూట్ భాగానికి కొత్త భద్రతా సవరణలు మాత్రం అందవు.

చిక్కు మరోచోట ఉంది. కొత్త సర్టిఫికెట్ ఎక్కి, కొత్త సంతకంతో బూట్‌లోడర్ వచ్చిన తర్వాత ఎవరైనా బయోస్‌ను ఫ్యాక్టరీ సెట్టింగులకు తిప్పితే, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కాని యంత్రాల్లో పాత సర్టిఫికెట్ల జాబితా తిరిగి రావచ్చు. అప్పుడు ఫర్మ్‌వేర్ తన బూట్‌లోడర్‌ను తానే గుర్తుపట్టదు. మైక్రోసాఫ్ట్ దీనికోసం పెన్‌డ్రైవ్ మీంచి నడిపే ప్రత్యేక రికవరీ ఫైలు ఒకటి ఇస్తోంది. మన దుకాణాల్లో మొదటి చిట్కా ఏమిటి? సెట్టింగులు డిఫాల్ట్‌కు తిప్పి చూడటం. ఇరవై ఏళ్లు పనిచేసిన చిట్కా ఇకనుంచి కొన్ని యంత్రాల్లో రోగమే తెచ్చిపెట్టవచ్చు. ఈ సంగతి గోల్‌మురి దుకాణం దాకా ఎవరు తీసుకెళ్తున్నారు? మదర్‌బోర్డు కంపెనీల వెబ్‌సైట్లలో, ఇంగ్లిషులో, మోడల్ నంబర్ల కింద పడి ఉంటుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 లేని, పాత ప్రాసెసర్ ఉన్న యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా రాదు. ఇలాంటివాళ్ల ముందు మూడు దారులు: 2026 అక్టోబరు 13 వరకు ఉన్న పొడిగింపు పథకంలో చేరడం, లినక్స్‌కు మారడం, కొత్తది కొనడం. పొడిగింపులో లేని విండోస్ 10 యంత్రాలకు కొత్త సర్టిఫికెట్లూ రావు. లినక్స్‌కు మారడం మంచి దారే. హైదరాబాద్ నుంచి 'స్వేచ్ఛ' లాంటి ఉద్యమం తెలుగులో లినక్స్‌ను తేవడానికి చాలాకాలంగా పనిచేస్తోంది. కానీ మార్పిడి అంటేనే బూట్‌లోడర్‌ను కదపడం. అంటే లక్షల ఇళ్లు ఒకే కాలంలో ఈ సున్నితమైన పని చేయవలసి వస్తోంది, చేయించే మనిషి దగ్గర ఉన్న సాధనం మాత్రం ఫార్మాట్ ఒక్కటే.

పొడిగింపు పథకం కథలో మరో విశేషం ఉంది. మన దేశంలో సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాకు బ్యాకప్ చేయడమో, వెయ్యి రివార్డ్ పాయింట్లు ఇవ్వడమో, 30 డాలర్లు కట్టడమో షరతు. ఐరోపా ఆర్థిక ప్రాంతంలో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగాక 2025 సెప్టెంబరులో అక్కడ బ్యాకప్ షరతును తీసేశారు. సాంకేతికంగా రెండుచోట్లా యంత్రం ఒకటే, అడిగినవాళ్లున్న చోట షరతు మారింది.

మన ప్రభుత్వం దగ్గర దీనికి తగిన చోటు లేకపోలేదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. 'మరమ్మతు సూచిక' మీద వేసిన మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. మొదటి ప్రాధాన్యం స్మార్ట్‌ఫోన్లకు, ట్యాబ్లెట్లకు. ఇంటి కంప్యూటర్ ఆ వరసలో వెనక ఉంది. అంతకన్నా పెద్ద లోపం, మరమ్మతు అనగానే మన ఆలోచన స్క్రూలు, బ్యాటరీలు, విడిభాగాల దగ్గర ఆగిపోవడం. ఒక్క స్క్రూ విప్పకుండానే పనికిరాకుండా పోయే యంత్రానికి ఏ మార్కు వేస్తారు? ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో పెట్టె మీద రాయించడం, డిస్కుకు తాళం వేసేముందు కీని కాగితం మీదో పెన్‌డ్రైవ్ మీదో యజమాని చేతికిచ్చి ఒప్పుకోలు తీసుకోవడం, రికవరీ సూచనలు భారతీయ భాషల్లో ఉంచడం సూచికలో చేరితే కంపెనీలకు పెద్ద ఖర్చేమీ కాదు. గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, అందులో సక్రమంగా రీసైకిల్ అయినట్టు నమోదైంది 22.3 శాతమే. లేవని యంత్రాలు కూడా చివరికి చేరేది అక్కడికే.

సూచిక వచ్చేదాకా ఆగనక్కరలేని పని ఒకటి ఉంది. గోల్‌మురిలో ఉన్న నాన్నగారి కంప్యూటర్ నడుస్తున్నప్పుడే, బెంగళూరులో ఉన్న అమ్మాయి ఫోన్ చేసి రెండు సంగతులు అడగవచ్చు: సెట్టింగుల్లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఆన్‌లో ఉందా, ఉంటే అది ఏ ఈమెయిల్ ఖాతా మీద ఉంది? ఆ ఖాతా తెరిచి 48 అంకెలు ఒక కాగితం మీద రాసి, పొలం దస్తావేజులున్న కవరులోనే పెట్టించాలి. దుకాణానికి యంత్రం తీసుకెళ్లవలసి వచ్చిన రోజున ఆ కాగితం వెంట ఉంటే, "ఫార్మాట్ వద్దు, ముందు ఫైళ్లు తీయండి, తర్వాత బూట్ రిపేర్ చేయండి, దానికెంతో చెప్పండి" అని అడగవచ్చు.