లీడరుగారూ, మంచినీళ్లెక్కడో అడిగారా?

విజయనగరం జిల్లా రామతీర్థం వచ్చి రాములవారి దర్శనం చేసుకునే వాళ్లలో గురుభక్తులకొండ ఎక్కేవాళ్లు తక్కువ. పైన ఇటుక స్తూపాల పునాదులు, చైత్యాలు, భిక్షువులు బస చేసిన గదుల వరసలు మిగిలి ఉన్నాయి. విదేశాలకు వాలంటీర్లుగా, అందులోనూ టీం లీడర్లుగా వెళ్లాలని ఉబలాటపడే మన కుర్రకారును ఒక్కసారైనా ఆ కొండ ఎక్కించాలని నా కోరిక. ఫొటోల కోసం కాదు, ఆ గదుల గుమ్మాల ముందు కొత్తవాడు ఎలా నిలబడాలో తెలియడానికి.

బౌద్ధుల వినయపిటకంలో చుల్లవగ్గ అనే భాగం ఉంది. కొత్త విహారానికి వచ్చిన భిక్షువు ఎలా మసలుకోవాలో అందులో పూసగుచ్చినట్టు చెప్పారు. చెప్పులు విప్పి దులిపి చేత్తో పట్టుకోవాలి. గొడుగు దించాలి. తాగే నీళ్లేవో, వాడుకునే నీళ్లేవో అడగాలి. తన బస ఎక్కడో, మరుగుదొడ్డి ఎటో, భిక్షకు ఏ ఇళ్లకు వెళ్లొచ్చో, ఏ ఇళ్లకు వెళ్లకూడదో కనుక్కోవాలి. అక్కడి సంఘం పెట్టుకున్న కట్టుబాట్లేమిటో, ఏ వేళకు లోపలికి రావాలో, ఏ వేళకు బయటికి పోవాలో తెలుసుకోవాలి. ఖాళీ గది చూపిస్తే తలుపు తట్టి, కాసేపు ఆగి, తెరిచాక బయటే నిలబడి లోపలికి చూడాలి. పాముల భయం కాబోలు, మన కొండల మీద ఆ జాగ్రత్త ఇప్పటికీ అవసరమే. ఎన్నేళ్లు చదివినవాడైనా, ఎంతమంది శిష్యులున్నవాడైనా, ఆ గుమ్మం ముందు కొత్తవాడే.

ఇప్పటి లీడర్లకు ఇచ్చే శిక్షణలో బడ్జెట్ రాయడం ఉంటుంది, నివేదిక పంపడం ఉంటుంది. మంచినీళ్ల ప్రశ్న మాత్రం అతిథి అవసరం కింద పోతుంది. నన్నడిగితే నాయకత్వం అక్కడే మొదలవుతుంది. అడిగినవాడికి జవాబు చెప్పేది వంటమనిషి, డ్రైవరు, రాత్రి కాపలా మనిషి. అసలు బృందం వాళ్లదే.

మన ప్రాంతానికి విదేశం కొత్త కాదు. మనవాళ్లు రంగం (రంగూన్) వెళ్లి బియ్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోశారు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది మొదలు 1911 దాకా, లక్షన్నర మందికి పైగా కూలి ఒప్పందం మీద ఆ దేశం వెళ్లారు. అప్పటి విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్లు వాళ్లలో ఉన్నారు. విజయనగరం అప్పటికి విశాఖ జిల్లాలోదే, విడి జిల్లా అయింది 1979లో కదా.

1899లో అక్కడ బోయర్ యుద్ధం వచ్చింది. గాయపడ్డ సైనికులను మోయడానికి నేటాల్ భారతీయులు అంబులెన్స్ దళం కట్టారు. గాంధీ ఆత్మకథలో చెప్పిన లెక్క ప్రకారం దళంలో 1,100 మంది, నాయకులు 40 మంది దాకా. సుమారు 300 మంది ఒప్పందం లేని స్వేచ్ఛాజీవులు, మిగిలినవాళ్లంతా ఒప్పందపు కూలీలు. స్ట్రెచర్లు భుజాన వేసుకుని రోజుకు ఇరవై, ఇరవై అయిదు మైళ్లు నడిచారు. బ్రిటిష్ జనరల్ బుల్లర్ తన నివేదికలో దళాన్ని మెచ్చుకున్నాడు. యుద్ధ పతకాలు మాత్రం నాయకులకే వచ్చాయి. ఈ సంగతి కూడా గాంధీయే రాశారు. స్ట్రెచర్ బరువు మోసినవాళ్లలో విశాఖ జిల్లా భుజాలు లేవని నేననుకోను. వాలంటీర్ల చరిత్ర అంటే ఇప్పటికీ నాయకుల చరిత్రే, పతకాల పంపకం నాటి పద్ధతిలోనే సాగుతోంది.

మనుషుల్ని ఎరిగినంత మాత్రాన లీడరు మంచివాడైపోడని కూడా చెప్పాలి. రంగం మేస్త్రీకి తన కూలీల ఇల్లూ వాకిలీ, అప్పూ సప్పూ అన్నీ తెలుసు. ఊళ్లో బయానా ఇచ్చి తీసుకెళ్లినవాడు, కూలిలో తన వాటా తీసుకున్నవాడు కూడా అతనే. తెలిసిన సంగతుల్ని దేనికి వాడాడన్నదే చూడాలి. 2019 ఆగస్టులో మన ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, తర్వాత ఆగిపోయిన గ్రామ వాలంటీర్ల ఏర్పాటు చుట్టూ ఎన్ని రాజకీయాలైనా నడవనీండి, అందులో ఒక సుగుణం ఉండేది. వాలంటీరుది ఆ ఊరే అయ్యేది. తన ఏభై ఇళ్లలో ఏ ముసలమ్మకు చెవుడో, ఎవరు తెల్లవారకముందే పొలం పోతారో ఒకరు చెప్పాల్సిన పని ఉండేది కాదు. దేశంకాని దేశం వెళ్లిన లీడరుకు ఆ తెలివిడి పుట్టుకతో రాదు, నియామకపు ఉత్తరంతో అంతకన్నా రాదు.

అందుకే వాలంటీర్లను పంపే సంస్థలకు నాదొక మనవి. లీడరుగా ఎంచినవాడికి మొదటి నెల ఆ పేరు ఇవ్వకండి. పనిలో మామూలు మనిషిగా పెట్టండి. సరుకులు మోయనీండి, అక్కడి బస్సులెక్కనీండి, వచ్చీరాని భాషలో బేరమాడి నాలుగు రూపాయలు నష్టపోనీండి. నెలాఖరున అతను లీడరుగా ఉండొచ్చో లేదో చెప్పే మాట అక్కడి బృందానికే వదలండి. ఈలోగా పని ఆగిపోదా అంటారేమో. అతను విమానం దిగకముందు ఎవరు నడిపారో, ఆ నెల కూడా వాళ్లే నడుపుతారు.