మీ పిల్లి 23 సార్లు నీళ్లు తాగిందని యాప్ చెప్తే నమ్మొద్దు

పెట్ వాటర్ ఫౌంటెన్ కొనాలా వద్దా అని ఈ ఎండాకాలం నన్ను చాలామంది అడిగారు. మా ఇంట్లో ఒకటి 11 నెలలుగా నడుస్తోంది. ఫౌంటెన్ కొనుక్కోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ డబ్బా మీద "స్మార్ట్" అని ఉందని ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు. ఆ మాట నమ్మి మా చింటూగాడిని దాదాపు పోగొట్టుకున్నాను.

మాది సికింద్రాబాద్, మారేడ్‌పల్లి. చింటూ నాలుగు కిలోల మగ పిల్లి. మొదట్నుంచీ డ్రై ఫుడ్డే తినేవాడు. గిన్నెలో నీళ్లు పెడితే వాసన చూసి వెళ్లిపోయేవాడు, బాత్రూంలో నల్లా నుంచి కారే చుక్కల కోసం మాత్రం అరిచేవాడు. అందుకే ఫౌంటెన్ తెప్పించాను. 2 లీటర్ల ట్యాంక్, యూఎస్‌బీ పంప్, ముందువైపు సెన్సర్, వైఫై, యాప్. రోజుకి ఎన్నిసార్లు తాగాడో గ్రాఫ్ వస్తుంది. ఆఫీసు మీటింగ్ మధ్యలో కూడా ఆ గ్రాఫ్ చూసుకుని మురిసిపోయేవాణ్ని.

ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం అమ్మ అంది, "వీడు పొద్దున్నించి ఆ మట్టి డబ్బాలకి పోతున్నడు, వస్తున్నడు. ఏం పోస్తలేడురా." నేను ఫోన్ తీసి చూపించాను. "23 సార్లు నీళ్లు తాగాడమ్మా, రోజూ కంటే ఎక్కువే. ఎండకి అలా ఉన్నాడేమో."

సాయంత్రానికి మంచం కింద దూరి ముట్టుకోనివ్వలేదు. రాత్రి డాక్టర్ పొట్ట నొక్కి చూసి, మూత్రం దారి మూసుకుపోయింది, బ్లాడర్ రాయిలా గట్టిగా ఉంది అన్నారు. క్యాథెటర్, సెలైన్, మూడు రోజులు అక్కడే. మగ పిల్లుల్లో ఆ దారి చాలా సన్నం. పూర్తిగా మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీద పడుతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. రేపు చూద్దాంలే అనుకునే జబ్బు కాదు. నేను గ్రాఫ్ చూసి ఒక పూట పోగొట్టాను.

నీళ్లు తక్కువవడం ఒక్కటే కారణం కాదని, బరువు, తిండి, బెదురు కూడా ఉంటాయని డాక్టర్ చెప్పారు. సరే, కానీ ఆ 23 ఎక్కడిది? వాడు ఆసుపత్రిలో ఉండగానే సెన్సర్ ముందు చెయ్యి ఊపాను. యాప్‌లో "మీ పెట్ నీళ్లు తాగింది" అని వచ్చింది. చీపురు ఆడించాను. మళ్లీ తాగింది! అసలు సంగతి ఏంటంటే, ఆ సెన్సర్‌కి నీళ్లతో సంబంధమే లేదు, ముందు ఏదో కదిలిందా లేదా అని మాత్రమే చూస్తుంది. గచ్చు చల్లగా ఉంటుందని చింటూ పడుకునేది సరిగ్గా అక్కడే. తోక ఊపితే ఒక లెక్క, పక్కకి దొర్లితే ఇంకో లెక్క. నేనే ఇలాంటి కోడ్ రాస్తే మా టెస్టర్ బగ్ కింద రాసి మొహాన కొట్టేది.

పోనీ ప్రతిసారీ నిజంగానే తాగాడనుకుందాం. పిల్లి నాలుక కొన నీళ్ల మీద ఆనించి వేగంగా పైకి లాగుతుంది, దాంతోపాటు సన్నటి నీటి స్తంభం లేస్తుంది, అది పడేలోపు నోరు మూస్తుంది. ఎంఐటీలో రోమన్ స్టాకర్ తన పిల్లి కట్టా కట్టాని చూసి మొదలుపెట్టిన ఈ పరిశోధన 2010లో సైన్స్ పత్రికలో వచ్చింది. సెకనుకి దాదాపు నాలుగుసార్లు, ఒక్కోసారికి సుమారు 0.1 మిల్లీలీటరు. ఇప్పుడు లెక్క వేయండి. 23 సార్లూ మూడేసి సెకన్లు తాగితే మొత్తం 28 మిల్లీలీటర్లు కూడా రావు. ఇరవయ్యేసి సెకన్లు తాగితే 184. గ్రాఫ్ మాత్రం రెండిటికీ ఒకటే.

ఇంటికొచ్చాక కిచెన్ స్కేల్ తీశాను. ఒకే సైజు గిన్నెలు రెండు, ఒకే నీళ్లు. ఒకటి చింటూకి, ఇంకోటి వాడికి అందకుండా అదే గదిలో జాలీ బుట్ట కింద. రెండోది ఎందుకంటే, కూలర్ నడిచే గదిలో నీళ్లు ఊరికే ఆవిరైపోతాయి. మా ఇంట్లో మే నెలలో ఒక రోజుకి ఆ రెండో గిన్నె 40 గ్రాములు తగ్గింది. అది తీసేస్తే మిగిలింది చింటూ తాగింది. ఒక గ్రాము ఒక మిల్లీలీటరు, యాప్ అక్కర్లేదు.

పిల్లికి తిండిలోది, గిన్నెలోది కలిపి కిలోకి సుమారు 50 మిల్లీలీటర్లు కావాలంటారు. చింటూకి 200. పిల్లుల పూర్వీకులు ఎడారి జంతువులు, వేటాడిన మాంసంలోనే నీళ్లు దొరికేవి, అందుకే వీటికి దాహం వేయడమే తక్కువ. డ్రై ఫుడ్‌లో నీళ్లు పది శాతం. వెట్ ఫుడ్‌లో దాదాపు ఎనభై. అంటే 85 గ్రాముల పౌచ్‌లు రెండు పెడితే 136 మిల్లీలీటర్లు తిండితోనే పోతాయి. రోజూ కొనాలంటే చేతికి భారమే, ఒప్పుకుంటాను. కానీ ఫౌంటెన్ డబ్బు మొదట ఇక్కడ పెట్టాల్సింది.

ఫౌంటెన్‌ని పారేయలేదు. పారే నీళ్లంటే వాడికి ఇష్టం. అన్ని పిల్లులకీ ఇష్టం ఉండదు, కొన్నిటికి మామూలు వెడల్పాటి గిన్నే నచ్చుతుంది. కొనే ముందు రెండు విషయాలు చూడండి. కరెంటు పోయినప్పుడు పైన పిల్లికి అందేలా నీళ్లు నిలబడతాయా? కొన్ని మోడళ్లలో మొత్తం కిందికి దిగిపోతాయి. రెండోది, పంప్ విప్పడం ఎంత సులువు? మాకు నల్లా రోజు విడిచి రోజు, మిగతాప్పుడు బోరే. బోరు నీళ్లకి తెల్లటి పొర కట్టి, లోపల జిగురు పట్టి, పంప్ గుర్రుమంటుంది. నేను వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో తోముతున్నాను.

తయారుచేసేవాళ్లకి నా గొడవ ఒక్కటే. తూచండి. లోడ్ సెల్, హెచ్ఎక్స్711 బోర్డు కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని వందలకే దొరుకుతాయి. ష్యూర్ పెట్‌కేర్ వాళ్ల ఫెలాక్వా అయితే మైక్రోచిప్ చదివి ఏ పిల్లి ఎంత తాగిందో కూడా చెప్తుంది. అంటే కుదరని పనేం కాదు. తూచడం ఇష్టం లేకపోతే "తాగింది" అని రాయకండి, "దగ్గరికొచ్చింది" అని రాయండి.

మా ఫౌంటెన్‌కి వైఫై తీసేశాను. ఇప్పుడు రోజూ పొద్దున మట్టి డబ్బాలో ఎన్ని ఉండలు కట్టాయో అమ్మ లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాస్తోంది. నిన్న మూడు.