డీఎస్ఎల్ఆర్ అస్తమిస్తున్న వేళ పుదుచ్చేరిలో లెన్స్ కొంటే?

యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో చదువుకుంటున్న మా బంధువుల అబ్బాయి ఈ మధ్య ఒక ప్రశ్న వేశాడు. "బాబాయ్, ఇప్పుడు డీఎస్ఎల్ఆర్‌కి లెన్స్ కొనడం దండగంటారా?" వాడి దగ్గరున్నది మేనమామ కొన్నాళ్లు వాడి పక్కన పెట్టేసిన కానన్ బాడీ, దాంతో వచ్చిన 18-55 లెన్స్. వాళ్లమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బు ముప్పై వేలు. సెలవు రోజుల్లో వైట్ టౌన్‌లో ప్రీ వెడ్డింగ్ ఫొటోలు తీసే బృందంతో కలిసి పనిచేసి నాలుగు రూపాయలు సంపాదించాలన్నది వాడి ఆలోచన. ముప్పై వేలతో కొత్త మిర్రర్‌లెస్ కెమెరా రాదు. తప్పు లెన్స్ కొంటే మళ్లీ ఇంకో ముప్పై వేలు దొరకవు.

వాడి భయానికి కారణం ఉంది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా లెక్కల ప్రకారం 2012లో ప్రపంచవ్యాప్తంగా 1.6 కోట్లకు పైగా డీఎస్ఎల్ఆర్‌లు కంపెనీల గడప దాటాయి. 2024లో దాటినవి సుమారు 10 లక్షలు. అదే ఏడాది మిర్రర్‌లెస్ కెమెరాలు సుమారు 56 లక్షలు. 2020లో వచ్చిన 1డీ ఎక్స్ మార్క్ 3 తర్వాత ఆ స్థాయి డీఎస్ఎల్ఆర్ ఇక ఉండదని కానన్ అధిపతి 2021 చివర్లోనే చెప్పారు. సోనీ ఆ ఏడాదే తన ఏ మౌంట్ కెమెరాలకు స్వస్తి పలికింది. పన్ను తగ్గుతుందని ఆగినవారికీ ఊరట లేదు. డిజిటల్ కెమెరాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి 2019 జనవరి 1నే తగ్గింది. 2025 సెప్టెంబర్ సంస్కరణల్లో పెద్ద టీవీలు, ఏసీలు 18 శాతంలోకి దిగాయి గానీ, కెమెరాలు అప్పటికే అక్కడున్నాయి.

అయితే ఈ అంకెలన్నీ బాడీల గురించి. లెన్స్ లెక్క వేరు. బాడీకి ఆయుష్షు ఐదారేళ్లు అనుకుంటే, మంచి లెన్స్ పదిహేనేళ్లు పనిచేస్తుంది. కానన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్స్‌లను ఆ కంపెనీ 2018లో తెచ్చిన అడాప్టర్‌తో దాని ఆర్ వరస మిర్రర్‌లెస్ కెమెరాలకు తగిలించవచ్చు, ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది. అంటే మా అబ్బాయి ఇవాళ కొనే లెన్స్ రేపటి కెమెరాకు కూడా పనికొస్తుంది.

నికాన్ వాడేవారు మాత్రం ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త పడాలి. పాత ఏఎఫ్-డి లెన్స్‌లలో ఫోకస్ మోటార్ ఉండదు. అది బాడీలో ఉండాలి. డీ3500, డీ5600 లాంటి చిన్న బాడీల్లో అది లేదు. నికాన్ వారి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ లేదు. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం ఎఫ్/1.8డి చవగ్గా దొరికిందని సంబరపడితే, పెళ్లి మండపంలో చేత్తో ఫోకస్ తిప్పుకుంటూ నిలబడాలి. కాస్త ఎక్కువ పెట్టి ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే తీసుకోవడం మేలు.

ఇక ఏ లెన్స్ అన్నదానికి సమాధానం కంపెనీ కేటలాగ్‌లో కంటే ఊరి వీధుల్లోనే బాగా దొరుకుతుంది. వైట్ టౌన్ వీధులు ఇరుకు. స్యూఫ్రెన్ వీధిలోనో రొమైన్ రోలాండ్ వీధిలోనో పసుపు గోడకు ఎదురుగా నిలబడితే వెనక్కి జరగడానికి చోటుండదు. డీఎస్ఎల్ఆర్‌లలో ఎక్కువగా ఉండే ఏపీఎస్-సి సెన్సర్‌తో లెక్క వేద్దాం. ఎనిమిది మీటర్ల దూరం నుంచి 18 ఎంఎం లెన్స్‌లో సుమారు పది మీటర్ల వెడల్పు పడుతుంది. 10 ఎంఎంలో దాదాపు 18 మీటర్లు. అందరూ మొదట కొనే 50 ఎంఎంలో మూడున్నర మీటర్ల పైచిలుకు మాత్రమే, అంటే ఒక తలుపు, ఒక కిటికీ, పక్కన బోగన్‌విల్లా కొమ్మ. భవనాలే ప్రధానమైతే కానన్‌లో 10-18, నికాన్‌లో ఏఎఫ్-పీ 10-20 కొనాలి. (ఆ ఏఎఫ్-పీ కూడా పాత నికాన్ బాడీలు కొన్నింటిలో పనిచేయదు. బాడీ పేరు చెప్పి అడగాలి.) వెడల్పు లెన్స్‌ను పైకి ఎత్తి తీస్తే గోడలు వెనక్కి వాలిపోయినట్టు కనిపిస్తాయి. కెమెరాను నిటారుగా పట్టుకుని, అక్కర్లేని నేలను తర్వాత కోసేయడమే సులువు.

మనుషులే ప్రధానమైతే నా ఓటు 50 ఎంఎం ఎఫ్/1.8కే. కొత్తదే పది వేల అటూ ఇటూలో వస్తుంది. కిట్ లెన్స్‌ను పొడుగ్గా లాగినప్పుడు దాని కన్ను ఎఫ్/5.6 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్/1.8 అంతకు దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది. రైల్వే స్టేషన్‌కు ఎదురుగా ఉన్న సేక్రెడ్ హార్ట్ బసిలికా లాంటి చోట, రంగుటద్దాల కిటికీల నుంచి వచ్చే పలచని వెలుగులో, ఫొటో వస్తుందా రాదా అన్నది ఈ తేడా మీదే ఉంటుంది. మా అబ్బాయి తీసేది వధూవరులను కాబట్టి వాడికి ముందు ఇదే కొనమన్నాను. 18-55 ఉండనే ఉంది, వీధి మొత్తం కావాలంటే దాంతో సర్దుకోవచ్చు.

మిగిలిన డబ్బు గురించే మా ఇద్దరికీ కొంచెం వాదన జరిగింది. వాడు ఫ్లాష్, పెద్ద ట్రైపాడ్, రకరకాల ఫిల్టర్లు రాసుకొచ్చాడు. నేను ముందుగా తేమ చొరని డబ్బా అన్నాను. వాడికి నవ్వొచ్చింది.

నవ్వే సంగతి కాదది. పుదుచ్చేరిలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం దాటే ఉంటుంది. 60 దాటిన చీకటి సంచిలో నెలల తరబడి పడున్న లెన్స్ లోపల ఫంగస్ పట్టడం మొదలవుతుంది. మొదట సాలెగూడు పోగుల్లా ఉంటుంది, అప్పుడైతే విప్పి తుడవవచ్చు. ఆలస్యమైతే అద్దం మీది పూతను తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. నాది ఒక 70-300 ఒక్క వానాకాలం బీరువాలో బట్టల మధ్య ఉండి అలాగే పోయింది. తప్పు నాదే. ఇదే ఊళ్లోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్, బ్రిటిష్ లైబ్రరీ సాయంతో, పాత తమిళ స్టూడియో ఫొటోలను డిజిటల్ ప్రతులుగా మార్చింది. అలాంటి పాత ఫొటోలకూ మన లెన్స్‌లకూ ఉమ్మడి శత్రువు ఈ తేమే.

కరెంటుతో పనిచేసే డ్రై క్యాబినెట్ తేమను 40-50 శాతం మధ్య నిలబెడుతుంది. అంతకంటే మరీ ఎండబెట్టినా రబ్బరుకు, లోపలి గ్రీజుకు మంచిది కాదు. కానీ విద్యార్థికి గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు చాలు. జెల్ రంగు మారినప్పుడు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. డబ్బాకు ఇంకో సుగుణం ఉంది. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు ఈ ఊళ్లో 24 గంటల్లో సుమారు 48 సెంటీమీటర్ల వాన పడింది, వీధుల్లో నీళ్లు నిలిచాయి, చాలాచోట్ల కరెంటు పోయింది. కరెంటు లేనప్పుడు క్యాబినెట్ ఉత్త బీరువా. డబ్బానైతే మూతపెట్టి అటక మీదకు ఎత్తేయవచ్చు.

రెండోది, లెన్స్ ముందు తొడిగే సాదా రక్షణ ఫిల్టర్. మామూలుగా నేను దాన్ని సమర్థించను. బీచ్ రోడ్డులో మాత్రం అవసరమే. అలల తుంపర ఆరాక అద్దం మీద ఉప్పు పలుకులు మిగులుతాయి. వాటిని చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత తడి గుడ్డ వాడాలి. పోలరైజర్ సముద్రం మీది తళతళను, గోడల మీది మెరుపును తగ్గిస్తుంది గానీ వెలుతురును కూడా ఒకటిన్నర రెండు స్టాపులు మింగేస్తుంది. 10 ఎంఎం లెన్స్‌కు తగిలిస్తే ఆకాశం ఒకవైపు ముదురుగా, ఒకవైపు లేతగా వస్తుంది. అది తర్వాత చూసుకోవచ్చు. ట్రైపాడ్ కొన్నా, ఇసుకలో నిలబెట్టిన ప్రతిసారీ కాళ్లను మంచినీళ్లతో కడగాలి.

ఏసీ గదిలోంచి తిన్నగా బయటికొస్తే లెన్స్ మీద ఆవిరి పట్టి అరగంట పని ఆగిపోతుంది. కెమెరాను సంచిలోనే ఉంచి జిప్పు తీయకుండా కాసేపు బయట పెడితే సరి. దీనికి పైసా ఖర్చు లేదు.

పెద్ద స్టూడియోలు మిర్రర్‌లెస్‌కు మారుతూ పాత లెన్స్‌లు అమ్మేస్తున్నాయి కాబట్టి మా అబ్బాయికి 10-18 కూడా సెకండ్ హ్యాండ్‌లో దొరకవచ్చు. తీరప్రాంతంలో వాడిన లెన్స్ కొనేటప్పుడు ముందు ఫోన్ టార్చి వెలిగించి వెనక అద్దంలోంచి ఏటవాలుగా చూడాలి. పోగులు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. తర్వాత సొంత బాడీకి తగిలించి పది ఫొటోలు తీసి చూడాలి. బీచ్ రోడ్డులో సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడున్నర దాకా వాహనాలు తిరగవు, సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. అమ్మేవారిని పొద్దున ఆరున్నరకు గాంధీ విగ్రహం దగ్గరికి రమ్మని చెప్పమన్నాను. అంత పొద్దున్నే ఎవరొస్తారు బాబాయ్ అంటున్నాడు.